ప్రివ్యూ కనబడిందని డబ్బు కట్టొద్దు: కోరెల్ ఫైల్ రిపేరు పేరుతో నా జేబుకు పడిన చిల్లు

డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ షాపులు, చిన్న ప్రెస్సులు నడిపేవాళ్లు దీన్ని ఒకసారి చదవండి. కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లు పాడైతే బాగుచేస్తామనే ఒక సాఫ్ట్‌వేర్ కొని 4,719 రూపాయలు పోగొట్టుకున్నాను. 3,999 ధర, దాని మీద 18 శాతం జీఎస్టీ. తర్వాత చూస్తే వాళ్లు పంపిన బిల్లులో జీఎస్టీ నంబరే లేదు. డబ్బు పోయింది సరే, నన్ను ఏం చూపించి నమ్మించారో మీకు చెప్పాలి. పాడైన ఫైల్ పట్టుకుని టెన్షన్‌లో వెతికే ఎవరికైనా అదే ఎర వేస్తారు.

మాది ఒంగోలు. పదహారేళ్లుగా ఇదే పని. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, తిరునాళ్ల సీజన్‌లో వాల్‌పోస్టర్లు. బండలాగుడు పోటీల పోస్టర్ చేయడం అంటే ఏమిటో మా వైపు ఆపరేటర్లకు వేరే చెప్పక్కర్లేదు. పైన స్వామివారు, అటూ ఇటూ ఒంగోలు గిత్తలు. కింద గిత్తల పళ్ల లెక్కన రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని విభాగాలు. ఒక్కో విభాగంలో మొదటి బహుమతి నుంచి చివరిదాకా ఎంత మొత్తం, ఎవరిచ్చారు, ఏ ఊరు, పక్కన ఆయన ఫోటో. ఈసారి అరవై మూడు ఫోటోలు వచ్చాయి. సగం సెల్ఫీలు, రెండు మూడు పెళ్లి ఆల్బమ్‌లోంచి తీసినవి. ఒకాయన తల పక్కాయన తల కన్నా చిన్నగా పడిందా, ఆ సాయంత్రం షాపు ముందు పంచాయితీయే. డెమ్మీ సైజు, 18 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవు. నాలుగు రోజులు కూర్చున్నాను దాని మీద.

నా తప్పు ముందే ఒప్పుకుంటాను. కమిటీ కుర్రాళ్లు ఫోటోలు వేసి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోనే ఫైల్ పెట్టుకుని, నేరుగా అందులోనే పనిచేశాను. కాపీ చేసుకుందాంలే అనుకుంటూనే నాలుగు రోజులు గడిచాయి. చివరి కరెక్షన్లు చేసి కంట్రోల్ ఎస్ కొట్టాను. సేవింగ్ గీత సగానికి వచ్చిందో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, అది కుయ్ కుయ్‌మని రెండుసార్లు అరిచి పడుకుంది. కరెంటు వచ్చాక చూస్తే ఫైల్ ఉంది, 48 ఎంబీ సైజు కూడా సరిగ్గానే చూపిస్తోంది. తెరిస్తే మాత్రం ఫైల్ కరప్ట్ అయిందన్న పెట్టె.

'బ్యాకప్ ఆఫ్' అని మొదలయ్యే ఫైల్ పక్కనే ఉండాలి కదా అంటారు. కోరెల్ సేవ్ చేసిన ప్రతిసారీ అంతకు ముందు వెర్షన్‌ను ఆ పేరుతో పక్కన పెడుతుంది. అది మనల్ని ఎన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు. కానీ ఫోల్డర్ నిండా చెత్తగా కనబడుతున్నాయని సెట్టింగుల్లో ఆ బ్యాకప్ టిక్కు తీసేసిన మహానుభావుణ్ణి నేనే. ఇప్పుడు మళ్లీ పెట్టాను లెండి.

రాత్రి పదకొండున్నరకు వెతుకుతుంటే ఆ సైట్ తగిలింది. డెమో ఉచితం అన్నారు. దించుకుని, ఫైల్ చూపించి, స్కాన్ నొక్కాను. పచ్చ గీత నెమ్మదిగా నిండింది. నిండగానే తెర మీద నా పోస్టర్! స్వామివారు, గిత్తలు, ఫోటోల వరుసలు, అన్నీ ఎక్కడివక్కడ. కింద పచ్చ అక్షరాల్లో నూటికి నూరు శాతం రికవర్ అవుతుందని. సేవ్ బటన్‌కు మాత్రం తాళం బొమ్మ. అప్పుడు నా పరిస్థితి ఊహించుకోండి. పొద్దున పదికి కమిటీవాళ్లు వస్తారు. మారు ఆలోచన లేకుండా కట్టేశాను.

తాళం తీసింది. సేవ్ అయింది. కోరెల్‌లో తెరుచుకుంది కూడా. ఒక దాత పేరు సరిచేద్దామని దాని మీద క్లిక్ చేస్తే మొత్తం పోస్టర్ సెలెక్ట్ అయింది. ఇంకోచోట క్లిక్ చేసినా మొత్తం పోస్టరే. జూమ్ చేస్తే స్వామివారి ముఖం గచ్చు పలకల్లా చతురస్రాలుగా విడిపోయింది. కింద స్టేటస్ బార్‌లో బిట్‌మ్యాప్ (అంటే విడదీయలేని ఒకే బొమ్మ) అని, 11 డీపీఐ (అంగుళానికి 11 చుక్కలు) అని ఉంది. ప్రెస్సుకు 300 కావాలి. పదకొండుతో ఏం చేసుకోను?

వాళ్లు నాకు అమ్మింది ఏమిటో రెండు రోజుల తర్వాత అర్థమైంది. 2008లో వచ్చిన కోరెల్ ఎక్స్4 వెర్షన్ నుంచి సీడీఆర్ ఫైల్ (కోరెల్ సేవ్ చేసే ఫైల్) అంటే లోపల ఒక జిప్ ఫైలే, అంటే చాలా ఫైళ్లు కట్టిన మూటే. కాపీ తీసుకుని, పేరు చివర సీడీఆర్ తీసేసి జిప్ అని పెట్టి, జిప్ ఫైళ్లు విప్పే సెవెన్ జిప్‌తో తెరవండి. లోపల రెండు ముఖ్యమైన ఫోల్డర్లు కనబడతాయి. కంటెంట్ అనే దానిలో మీ అసలు డ్రాయింగ్ ఉంటుంది. మెటాడేటా అనే దానిలో థంబ్‌నెయిల్స్ అని ఇంకో ఫోల్డర్, అందులో పోస్టర్ చిన్న బొమ్మ. ఫోల్డర్‌లో ఫైళ్లు చూసేటప్పుడు ఐకాన్ బదులు డిజైన్ కనబడుతుందే, అదే ఈ బొమ్మ. నా ఫైల్లో కరెంటు పోయినప్పుడు కంటెంట్ దెబ్బతింది, ఆ చిన్న బొమ్మ ఉన్న ముక్క బతికింది. డెమోలో ప్రివ్యూగా చూపించింది దాన్నే. డబ్బు కట్టించుకుని, దాన్నే 18 అంగుళాలకు సాగదీసి, పేజీ మీద అతికించి ఇచ్చారు. ఆ బొమ్మను నేను పైసా ఖర్చు లేకుండా అరనిమిషంలో బయటికి తీసుకోగలను. నాలుగు వేల ఏడు వందలు!

అందుకే ఎవరైనా ప్రివ్యూ చూపిస్తే, ముందు మీ జిప్‌లో ఉన్న చిన్న బొమ్మతో పోల్చండి. రెండూ ఒకటే అయితే అక్కడితో ఆపేయండి. మనిషి మాట్లాడే సర్వీస్ అయితే, 'ఒక్క పేరు సెలెక్ట్ చేసి, ఫాంటు మార్చి, స్క్రీన్ వీడియో పంపండి, అప్పుడు కడతాను' అనండి. నిజంగా ఫైల్ తెరిచినవాడికి అది పది సెకన్ల పని. నేను తర్వాత ఇద్దరిని ఇలా అడిగి చూశాను. ఒకడు మళ్లీ జవాబివ్వలేదు. రెండోవాడు ముందు అడ్వాన్స్ పంపమన్నాడు, ఆపైన యాంటీవైరస్ ఆపేసి రిమోట్ యాప్ వేసుకుంటే సిస్టమ్‌లోకి వచ్చి చూస్తానన్నాడు. అదే సిస్టమ్‌లో వారం కిందట టైప్ చేసిన రెండు స్కూళ్ల పరీక్ష పేపర్లు ఉన్నాయి. బ్యాంకు లాగిన్ ఉంది. దండం పెట్టి ఫోన్ పెట్టేశాను.

ఉచితంగా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, డబ్బు తీసే ముందు అవి చూడండి. ఏం చేసినా కాపీ మీదే చేయండి, అసలు ఫైల్‌ను ముట్టుకోవద్దు. పెన్‌డ్రైవ్‌లో ఉంటే దానిలో కొత్తగా ఏదీ సేవ్ చేయొద్దు. జిప్ అని పేరు మార్చిన కాపీని విన్‌రార్ అనే ఇలాంటి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో పెట్టి రిపేర్ నొక్కితే ఒక్కోసారి కంటెంట్ ఫోల్డర్ బయటపడుతుంది. జిప్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక చివర్లో ఉంటుంది. తోక తెగి ఆ పట్టిక ఒక్కటే పోయి ఉంటే, ముందున్న ముక్కలకు ఒక్కోదానికి దాని సొంత తల (అది ఏ ఫైలో చెప్పే వివరాలు) ఉంటుంది కాబట్టి తీసుకోవచ్చు.

అసలు ఫైల్లో ఏమన్నా మిగిలిందా అనేది కూడా మీరే తేల్చుకోవచ్చు. హెచ్‌ఎక్స్‌డీ అని ఉచితంగా దొరికే హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్ లోపలి కోడ్‌లను ఉన్నవి ఉన్నట్టు చూపేది) తెరిచి చూడండి. మొదట్లో పీకే అని రెండు అక్షరాలుంటే జిప్ తల బతికే ఉంది. (ఆ రెండూ జిప్ కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పేరు, ఇంటిపేరు పొడి అక్షరాలు. నాకు ఈ గొడవలోనే తెలిసింది.) తర్వాత కిందికి జరుపుకుంటూ పోండి. నా ఫైల్లో మూడో వంతు దాటాక అన్నీ సున్నాలే, పేజీలకు పేజీలు సున్నాలు. సైజు 48 ఎంబీ అని చూపించింది గానీ పెన్‌డ్రైవ్‌లోకి అసలు సరుకు దిగనేలేదు. సున్నాలున్న చోట ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ పుట్టించలేదు, అది పదివేలదైనా సరే. ఈ సంగతి ఆ రాత్రే చూసుకుని ఉంటే కట్టేవాణ్ణి కాదు.

మన తెలుగు పనికి ఇంకో చిక్కు కూడా ఉంది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా బావమరిదికి ప్రెస్సుంది. వాడూ ఒకప్పుడు ఇంకేదో రిపేర్ టూల్ కొన్నాడట, దాంట్లో మాటర్ (టైప్ చేసిన అక్షరాలు) వచ్చింది గానీ అంతా ఇంగ్లీషు పిచ్చి అక్షరాలు. అది చూసి భయపడక్కర్లేదు. డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్ల మాటర్ లోపల ఎప్పుడూ అలాగే ఉంటుంది, ఫోన్లలో తెలుగుకు వాడే యూనికోడ్ కాదు కదా. సెలెక్ట్ చేసి మళ్లీ అను ఫాంటు ఇస్తే తెలుగు అవుతుంది. కానీ ఆ పిచ్చి అక్షరాల మధ్య ప్రశ్నార్థకాలు వరుసగా కనబడితే మాత్రం పోయినట్టే. అను ఫాంట్లలో చాలా వత్తులు, గుణింతాలు కీబోర్డు మీద లేని కోడ్‌లలో ఉంటాయి. ఇంగ్లీషు తప్ప తెలియని టూల్ వాటన్నిటినీ ఒకే ప్రశ్నార్థకంగా మార్చేస్తుంది. వాడికి అదే అయింది. ఫాంటు మార్చాక కూడా సగం వత్తులు లేవు. కాబట్టి తెలుగు మాటర్ ఉన్న ఫైలైతే డెమోలో మాటర్ ముక్క చూపించమని అడిగి, అందులో ప్రశ్నార్థకాలు ఉన్నాయేమో చూడండి.

పుస్తకాల పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక్క మాట. 2001లో వచ్చిన 7.0తో అది ఆగిపోయింది కానీ మన జిల్లాల్లో ఇంకా దాంట్లోనే పుస్తకాలు కడుతున్నాం. అదే పెన్‌డ్రైవ్‌లో ఒక రిటైర్డ్ మాస్టారి వ్యాసాల పుస్తకం కూడా ఉంది, అది 'బ్యాడ్ రికార్డ్ ఇండెక్స్' అని మొరాయించింది. దానికి ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. కొత్త ఫైల్ తెరిచి, ప్లేస్ నొక్కి, పాడైన పేజ్‌మేకర్ ఫైల్‌నే ఎంచుకున్నాను. లోపలున్న స్టోరీల (మాటర్ ముక్కల) జాబితా వచ్చింది, ఒక్కోటి తెచ్చుకున్నాను. పేజీలు మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది, రెండు రోజుల పని, మాటర్ మాత్రం మొత్తం వచ్చింది. పేజీలు కట్టే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6 ఉన్నవాళ్లు దాంట్లో కూడా తెరిచి చూడొచ్చు. దాని తర్వాతి వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవవు.

ఇక పోస్టర్ సంగతి. పొద్దున్నే బావమరిదికి ఫోన్ చేసి ఏడుపు మొదలుపెట్టాను. అంతా విని, "ఏంది బావా, ప్రివ్యూ చూసి కట్టేశావా? నన్నడగొచ్చు గదా," అని, ఒక నిమిషం ఆగి, "మంగళవారం రేటు కోసం నాకు పీడీఎఫ్ పంపావు, గుర్తుందా?" అన్నాడు. గుర్తే లేదు. అక్షరాలన్నీ కర్వ్స్ (గీతల బొమ్మలు) చేసి పంపిన పీడీఎఫ్ వాడి మెయిల్‌లో అలాగే ఉంది. కోరెల్‌లోకి ఇంపోర్ట్ చేస్తే ఫోటోలు నిండు క్వాలిటీతో వచ్చాయి. అక్షరాలు కర్వ్స్ కాబట్టి దిద్దడానికి లేదు, మంగళవారం తర్వాత మారినవి మాత్రం చెరిపేసి మళ్లీ టైప్ చేశాను. రెండు బహుమతి మొత్తాలు, ఒక ఊరి పేరు, ఒక ఫోటో. అంతే! పదికి కమిటీవాళ్లు వచ్చేసరికి ప్రూఫ్ టేబుల్ మీద ఉంది. వెయ్యి పోస్టర్లు నెల్లూరులోనే వేయించాం.

రిఫండ్ అడిగితే సైట్‌వాళ్ల జవాబు ఇది: 'మా సాఫ్ట్‌వేర్ అవుట్‌పుట్ ఫైల్ ఇచ్చింది కాబట్టి రిఫండ్ వర్తించదు.' షరతుల పేజీలో నిజంగానే అలా రాసి ఉంది, నేనే చదవలేదు. అవుట్‌పుట్ వస్తే చాలట, అది ఏమిటన్నది వాళ్లకు అనవసరం. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇలా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు సైట్‌లో పెట్టాలి. ఆయన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ సైట్‌లో అధికారి పేరు కాదు కదా, ఆఫీసు ఏ ఊళ్లో ఉందో కూడా లేదు. కొనే ముందు మీరు మొట్టమొదట చూడాల్సింది సైట్ పేజీ అడుగున ఈ వివరాలు ఉన్నాయా అనే.

కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ (ఈ చెల్లింపు మీద అభ్యంతరం) పెట్టాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్లు ఇచ్చిన 'రిపేరైన' ఫైల్, జిప్‌లోంచి తీసిన చిన్న బొమ్మ, రెండూ పక్కపక్కన పెట్టిన స్క్రీన్‌షాట్ రెండు చోట్లా జత చేశాను. డబ్బు ఇంకా రాలేదు.