దర్శనం అయ్యాక దిగువ తిరుపతి: చూసిన చోట్లు, బస, ప్రయాణం

తిరుపతి వెళ్లి వచ్చామని చెప్పే వారిలో ఎక్కువ మంది రైలు దిగగానే కొండ బస్సు ఎక్కి, దర్శనం చేసుకుని, లడ్డూల సంచీతో మళ్లీ అదే స్టేషనుకు చేరుకునేవారే. ఈ కార్తీకంలో గోదావరి జిల్లా నుంచి బయలుదేరే ముందే మేము కొండ మీద బసను తగ్గించుకుని, మిగిలిన సమయమంతా దిగువ తిరుపతికి, దాని చుట్టుపక్కల ఊళ్లకు కేటాయించుకున్నాము. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, బడికి వెళ్లే పిల్లలు, మా దంపతులం కలిసి వెళ్లాము కనుక ఏ చోటు ఎవరికి నచ్చింది, ఎక్కడ బస సుఖంగా ఉంది, ఏ ప్రయాణం ఎవరికి కష్టమైంది అన్న వివరాలు ఇలాంటి కుటుంబాలకు పనికివస్తాయని రాస్తున్నాను. ఈ ఊరి చరిత్ర కంచికో తంజావూరికో తీసిపోయేది కాదు. అయినా మన తెలుగువాళ్లమే దీన్ని దారిలో మజిలీగా చూసి వెళ్లిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ముందుగా తేల్చుకోవలసింది బస. రైల్వే స్టేషను ఎదురుగా విష్ణునివాసం, ఆర్టీసీ బస్టాండు ఎదురుగా శ్రీనివాసం అనే పెద్ద వసతి సముదాయాలను తిరుమల తిరుపతి దేవస్థానం నడుపుతోంది. వీటిలో గదులను ముందుగా ఆన్‌లైన్లో తీసుకోవడమే మంచిది, ఎందుకంటే సెలవు రోజుల్లో అప్పటికప్పుడు దొరకడం కష్టం. మేము విష్ణునివాసంలో దిగాము. గది సాదాగా, శుభ్రంగా ఉంది. లిఫ్టు ఉండటంతో అత్తగారికి మెట్ల బాధ తప్పింది. గది దొరకని వారికి సామాను లాకర్లు కూడా ఉన్నాయి. సర్వదర్శనం టోకెన్ల కోసం వచ్చే జనంతో ఈ ప్రాంగణాలు తెల్లవారక ముందే సందడిగా మారతాయి కనుక నిశ్శబ్దం కోరుకునే వారికి మాత్రం ఇవి తగవు. అలాంటివారు కపిలతీర్థం రోడ్డులోనో తిరుమల బైపాస్ రోడ్డులోనో హోటలు చూసుకుంటే శేషాచలం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది, కానీ ప్రతి పనికీ ఆటో ఎక్కవలసి వస్తుంది.

గది గడువు ముగిశాక మేము మారిన ఒక ప్రైవేటు లాడ్జి గురించి కూడా చెప్పాలి. ఫోనులో అడిగినప్పుడు గదిలో అడుగుపెట్టిన సమయం నుంచి 24 గంటలు లెక్క అన్నారు. తీరా కౌంటరు దగ్గరకు వెళ్లాక, ఉదయం ఎనిమిది దాటితే మరో రోజు అద్దె కట్టాలని పట్టుబట్టారు. వేడినీళ్లు వచ్చేది కూడా పొద్దున కాసేపే. పెద్దవాళ్లతో వెళ్లేవారు గడువు లెక్కను, వేడినీళ్ల వేళలను డబ్బు కట్టక ముందే మెసేజి రూపంలో తెప్పించుకోవడం అవసరం.

విష్ణునివాసం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే గోవిందరాజస్వామి ఆలయం ఉంది. 12వ శతాబ్దంలో భగవద్రామానుజులు ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించారని సంప్రదాయం చెబుతుంది. స్థానిక పాలకుడు మట్లి అనంతరాజు కట్టించిన వెలుపలి గోపురం ఏడు అంతస్తులతో సుమారు 50 మీటర్ల ఎత్తున ఊరంతటికీ గుర్తుగా నిలబడి ఉంటుంది. దాని కింద నుంచి అందరూ లోపలికి హడావిడిగా నడిచిపోతారు గానీ, ద్వారం లోపలి గోడల దగ్గర కాసేపు ఆగితే రామాయణ ఘట్టాలు, రాణులతో కూడిన అనంతరాజు రూపం రాతిలో కనిపిస్తాయి. కుబేరుడి అప్పు తీర్చడానికి తమ్ముడు వేంకటేశ్వరుడి కానుకలన్నీ కుంచంతో కొలిచి కొలిచి అలసిపోయిన అన్నగారు గోవిందరాజస్వామి ఆ కుంచాన్నే తల కింద పెట్టుకుని శయనించాడన్న కథను మా అత్తగారు పిల్లలకు చెప్పడంతో, వాళ్లు గర్భగుడి ముందు ఆ కుంచం కోసమే వెతికారు. కొండ మీద క్షణంలో ముగిసే దర్శనానికి అలవాటుపడిన వారికి ఇక్కడ నిలబడి స్వామిని తలనుంచి పాదాల వరకు చూసుకునే వెసులుబాటు పెద్ద వరమే.

ఇదే ఊరిలో తాతయ్యగుంట గంగమ్మ గుడి ఉంది. గంగమ్మను వేంకటేశ్వరుడి చెల్లెలిగా ఊరివారు కొలుస్తారు, మే నెలలో జరిగే జాతరకు దేవస్థానం నుంచి సారె వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకో వేషంతో జనం మొక్కు తీర్చుకునే ఆ జాతర కోసమైనా ఎండాకాలంలో మరోసారి రావాలని మావారు, నేను అనుకున్నాము.

కొండ పాదాన ఉన్న శివక్షేత్రం కపిలతీర్థానికి వానాకాలం చివరి నెలలే సరైన సమయం. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండ అంచు నుంచి నీరు నేరుగా కోనేటిలోకి దూకుతుంది. ఎండాకాలంలో వచ్చినవారికి ఆ ధార సన్నబడిపోయి, ఇక్కడ ఇంత పేరు ఎందుకో అర్థం కాదు. కార్తీక సోమవారం మాత్రం పెద్దవాళ్లతో వెళ్లవద్దు. కోనేటి మెట్లు తడిసి జారుతాయి, దీపాలు పెట్టేవారి రద్దీలో చేయి పట్టుకుని నడిపించడం కూడా కష్టమవుతుంది.

కొండ ఎక్కడం గురించి ఇప్పటికే అందరికీ తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,400 మెట్లు ఉంటాయి. నడిచేవారి సామానును దేవస్థానమే ఉచితంగా పైకి చేరుస్తుంది. పిల్లలతో మావారు శ్రీవారి మెట్టు ఎక్కారు, అత్తగారితో నేను బస్సులో వెళ్లాను. ఇప్పుడు విద్యుత్ బస్సులు కూడా నడుస్తుండటంతో ఘాట్ రోడ్డులో ఆవిడకు ఇబ్బంది కలగలేదు. ఘాట్ రోడ్డు పక్కన రాతి పొరలను గమనించమని పిల్లలకు చెప్పండి. కింది రాతికీ దాని మీద పరుచుకున్న రాతికీ మధ్య కోట్ల సంవత్సరాల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చిన చోటు అది.

తిరుచానూరు పద్మావతీ అమ్మవారి దర్శనానికి శుక్రవారం కాకుండా మరో రోజు ఎంచుకుంటే ప్రశాంతంగా జరుగుతుంది. కార్తీకంలోనే అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమీ తీర్థం వస్తాయి కనుక తేదీలు చూసుకుని బయలుదేరాలి. ఆ రోజుల్లో పద్మసరోవరం చుట్టూ కాలు పెట్టడానికి కూడా చోటు ఉండదు. మేము ఉత్సవాలకు ముందే వెళ్లడం వల్ల దర్శనం తొందరగా అయింది, అన్నప్రసాదం కూడా అక్కడే తీసుకున్నాము.

ఊరికి పడమటి వైపు దారిలో శ్రీనివాసమంగాపురం, చంద్రగిరి దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే పూటలో చూడవచ్చు, సిటీ బస్సులు కూడా వెళ్తాయి. నారాయణవనంలో పెళ్లయ్యాక శ్రీనివాసుడు, పద్మావతి అగస్త్యుడి ఆశ్రమంలో ఆరు నెలలు ఉండి, ఆ తర్వాత శ్రీవారి మెట్టు మీదుగా కొండ ఎక్కారని స్థలపురాణం. అందుకే శ్రీనివాసమంగాపురంలోని కల్యాణ వేంకటేశ్వరుడి దగ్గరకు కొత్త జంటలు ఎక్కువగా వస్తాయి. మూర్తి పెద్దది, నిలబడనిస్తారు, తోసేవారు లేరు. కొండ మీద తనివి తీరలేదని బాధపడుతున్న మా అత్తగారు ఇక్కడ ఆ లోటంతా తీర్చుకున్నారు. వయసు మళ్లినవారిని వెంటబెట్టుకుని వచ్చేవారికి తిరుపతి పరిసరాల్లోని గుళ్లలో దీన్నే నేను మొదట సిఫారసు చేస్తాను.

చంద్రగిరి కోటలో మాత్రం తొందరపడకూడదు. 1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం పతనమయ్యాక అరవీటి రాజులు పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి, ఆపైన వెల్లూరుకు రాజధానిని మార్చుకుంటూ సామ్రాజ్యాన్ని నిలబెట్టుకోవడానికి ప్రయత్నించారు. వాళ్లకు మిగిలిన ఆ చివరి కాలపు భవనంలోనే మనం ఇక్కడ అడుగుపెడతాము. మూడు అంతస్తుల రాజమహల్‌లో ఎక్కడా కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం కలిపి వేసిన గచ్చుతోనే పై అంతస్తులు నిలిచాయి. నడివేసవిలోనూ లోపల చల్లగా ఉంటుందని కాపలాదారు చెప్పాడు, ఆ గోడల మందం చూస్తే నమ్మకం కలిగింది. దర్బారు గది మధ్య నిలబడి తల ఎత్తితే కమానుల మీద కమానులు పేర్చుకుంటూ పోయిన పనితనం ఒక్కచూపులో అందుతుంది. ఇప్పుడు అదే భవనంలో పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల ఉంది, శుక్రవారం సెలవు. పక్కనున్న రాణీమహల్ కింది అంతస్తు గుర్రపుశాలలా కనిపిస్తుంది కనుక అది నిజంగా రాణివాసమేనా అన్న సందేహం చూసిన ప్రతివారికీ వస్తుంది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు స్థలం దక్కింది కూడా చంద్రగిరి రాజుల ఏలుబడిలోని నేల నుంచే అని చెప్పినప్పుడు, చెన్నై చూసి వచ్చిన మా అబ్బాయి చాలాసేపు ప్రశ్నలు అడిగాడు. ఇంత చరిత్ర ఉన్న చోట తెలుగులో సరైన వివరణ ఫలకాలు ఇంకా ఎక్కువ పెట్టవలసింది.

పిల్లల కోసం జంతుప్రదర్శనశాలకు వెళ్లాము. 1987లో శేషాచలం పాదాల దగ్గర 5,500 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో ఏర్పాటు చేసిన ఈ పార్కులో నడిచి తిరగడం పెద్దవాళ్లకు సాధ్యం కాదు, బ్యాటరీ బండి తీసుకోవాలి. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఒక మధ్యాహ్నానికి సరిపోతుంది. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, కానీ 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, తడి రాళ్ల మీద నడక ఉంటాయి కనుక అత్తగారి కోసం మేము దాన్ని వదులుకున్నాము. కాణిపాకం చిత్తూరు మీదుగా వచ్చేవారికి దారిలోనే పడుతుంది.

ఈ యాత్రలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది గుడిమల్లం. రేణిగుంట దాటి, గాజు పూసల తయారీకి పేరున్న పాపానాయుడుపేట మీదుగా పొలాల మధ్య సాగే దారి అది. మాట్లాడుకున్న కారు డ్రైవరు, "ఆడ ఏముందమ్మా, చిన్న గుడి, నేరుగా కాళహస్తికి పోదాం రాండి" అని రెండుసార్లు చెప్పినా మేము వినలేదు. పరశురామేశ్వరాలయంలోని లింగం క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం, ఇంకా ముందుదనే వారూ ఉన్నారు. ఇప్పటికీ పూజలందుకుంటున్న అతి ప్రాచీన శివలింగాల్లో ఇది ఒకటి. నేల మట్టానికి దిగువన ఉన్న గర్భగుడిలో సుమారు ఐదు అడుగుల ఎత్తున, నున్నగా మెరిసే ముదురు గోధుమరంగు రాయి. దాని ముందువైపు శివుడు నిలువెత్తుగా నిలబడి ఉన్నాడు. పూజారిగారు హారతి పళ్లేన్ని పై నుంచి కిందకు నెమ్మదిగా దించుతూ ఒక్కొక్కటిగా చూపించారు: కుడిచేతిలో వెనుక కాళ్లు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, ఎడమ భుజం మీద గొడ్డలి, పాదాల కింద వంగి భుజాలిచ్చిన యక్షుడు. జంధ్యం లేదు. వేటగాడిలా ఉన్న ఆ శివుణ్ణి చూశాక, కాళహస్తిలో కన్ను పెకలించి ఇచ్చిన కన్నప్ప కథ ఈ ప్రాంతంలోనే ఎందుకు పుట్టిందో నాకు అర్థమైనట్లు అనిపించింది. ఇది నా ఊహే గానీ, రెండు చోట్లనూ ఒకే రోజు చూసినవారికి ఇలాంటి ఆలోచన రాకుండా ఉండదు. గుడి దగ్గర హోటళ్లు లేవు. నీళ్లు, ఫలహారం వెంట తీసుకుని, మధ్యాహ్నం తలుపులు మూయక ముందే చేరుకోవాలి.

అక్కడి నుంచి శ్రీకాళహస్తికి వెళ్లాము. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మేలో కూలిపోగా, దాని స్థానంలో కట్టిన కొత్త గోపురం 2017లో పూర్తయింది. రాహుకేతు పూజలకు వచ్చే జనం రాహుకాలంలో ఎక్కువగా ఉంటారు కనుక వాయులింగ దర్శనం మాత్రమే కావలసినవారు ఆ వేళను తప్పించుకోవడం మేలు. పూజ తొందరగా చేయిస్తామని వీధిలోనే వెంటపడే దళారుల మాట వినకుండా ఆలయ కౌంటరులోనే టికెట్టు తీసుకోవాలి.

కాళహస్తి వెళ్లి కలంకారీ పని చూడకుండా రావద్దు. ఒక ఇంటి వరండాలో మేము చూసినప్పుడు, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, గుడ్డపీలిక చుట్టిన వెదురు పుల్లతో ఒకావిడ సీత కొంగు అంచు గీస్తున్నారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన రంగు గుడ్డ మీద పడగానే, కరక్కాయతో కలిసి నలుపు తేలుతుంది. పాలలోని జిడ్డు వల్ల ఆ గీత పక్కలకు పాకదు. చుట్టిన పీలికను వేళ్లతో నొక్కుతూ రంగును ఎంత కావాలో అంతే వదలడంలోనే పనితనమంతా ఉంది. బజారులో ఇదే బొమ్మలు అచ్చు వేసిన గుడ్డలు కూడా కలంకారీ పేరుతో దొరుకుతాయి. ప్రతి గీతా ఒకే మందంలో ఉంటే అచ్చు వేసినదని తెలుసుకోవచ్చు, చేత్తో గీసిన దానిలో గీత సన్నబడుతూ, లావెక్కుతూ సాగుతుంది. ధర ఎక్కువైనా పని చేసిన వారి చేతికే డబ్బు ఇచ్చి కొనడం నాకు తృప్తినిచ్చింది.

భోజనాల విషయంలో ఈ ప్రాంతపు రుచి కోసం రాగి సంగటి, ఆకుకూర పప్పు, శెనక్కాయల పచ్చడి ఊరిబిండి అడిగి తినండి. కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఎంతమంది వచ్చినా ఓపికగా వడ్డించే సిబ్బందిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. తిరుగు ప్రయాణానికి తిరుపతి స్టేషను నుంచే టికెట్టు తీసుకోవాలన్న నియమం ఏమీ లేదు. దూరప్రాంతాల రైళ్లు చాలావరకు రేణిగుంటలో ఆగుతాయి కనుక, గుడిమల్లం, కాళహస్తి చివరి రోజుకు పెట్టుకుని, సామాను కారులోనే ఉంచుకుంటే, సాయంత్రం మళ్లీ ఊళ్లోకి రాకుండా నేరుగా రేణిగుంటలో రైలెక్కవచ్చు. మేము అలాగే చేశాము.