మా పేటలో గ్యాంగుల గొడవలు తగ్గించే పని: 5కి 3 స్టార్లు

హోటళ్లకీ చీరల కొట్లకీ అందరూ రివ్యూలు రాస్తారు, పేటలో కొట్లాటలు తగ్గించడానికి కార్పొరేషన్ వాళ్లు, పోలీసులు చేసిన పని ఎలా ఉందో ఎవరూ రాయరు. పన్ను కట్టేది మనమే కదా, అందుకే రాస్తున్నాను. మేం విజయవాడ సింగ్ నగర్ వైపు ఉంటాం. పేట పేరు రాయను, ఇందులో ఒక పిల్లాడి సంగతి ఉంది. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా మిరపకాయ బజ్జీలు, పునుగులు వేస్తాను. పదకొండేళ్లుగా అదే మూల, అదే బండి, కాబట్టి ఎవడు ఎవడితో తిరుగుతున్నాడో, నిన్నటి దాకా కలిసి తిన్నవాళ్లు ఇవాళ ఎందుకు విడివిడిగా వస్తున్నారో నాకు ముందే తెలుస్తుంది.

బెజవాడకి గొడవలు కొత్త కాదు. 1988 డిసెంబర్ 26న నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి రంగాని చంపినప్పుడు నేను చిన్నపిల్లని. కర్ఫ్యూలో పాలు దొరక్క మా అమ్మ తమ్ముడికి గంజి పట్టడం గుర్తుంది. అవి పెద్దవాళ్ల గొడవలు, వాటి వెనక యూనియన్లు, పార్టీలు ఉండేవి. ఇప్పుడు కొట్టుకునేది కుర్రాళ్లు. 2020 మే 30న లాక్‌డౌన్‌లో పటమటలో రెండు గ్రూపులు కత్తులు, కర్రలు పట్టుకుని కొట్టుకుంటే ఒకతని ప్రాణం పోయింది, అది మొదలైంది ఒక సెటిల్‌మెంట్ గొడవ దగ్గర. ఆ వీడియోలు మా పేటలో ప్రతి ఫోన్‌లో తిరిగాయి. కొంతమంది పిల్లలు వాటిని సినిమా చూసినట్టు మళ్లీ మళ్లీ చూశారు. నాకు అసలు భయం వేసింది అక్కడే.

మా దగ్గర మొదట చేసింది తనిఖీలు. తెల్లవారుజామున ఐదింటికి వీధికి రెండు వైపులా మూసేసి ఇల్లిల్లూ వెతికారు, కాగితాలు లేని బళ్లన్నీ పట్టుకెళ్లారు. మా ఆయన బండి కూడా పోయింది, ఇన్సూరెన్స్ అయిపోయి వారమే అయింది, దాన్ని విడిపించుకోవడానికి మూడు రోజులు పని మానుకుని తిరిగాడు. తప్పు మాదే, కాదనను. కానీ బ్లేడ్లు పట్టుకు తిరిగే బ్లేడ్ బ్యాచ్‌లో ఒక్కడు కూడా ఆ రోజు ఇంట్లో లేడు. కాలవ గట్టు మీద డ్రోన్ ఎగరేశారు, అక్కడ తాగేవాళ్లు లేచి ఇవతల సందులోకి వచ్చి కూర్చున్నారు. దీనికి ఒక్క స్టారే ఇస్తాను.

నిజంగా మార్పు తెచ్చింది గ్రౌండ్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చిపోయాక స్కూల్ వెనక ఖాళీ స్థలం బురద, విరిగిన మంచాలు, తడిసిన పరుపులతో నిండిపోయింది. చీకటి పడితే గంజాయి బ్యాచ్‌కి అదే అడ్డా, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి అటు చుట్టు తిరిగి వచ్చేవాళ్లు. కార్పొరేషన్ వాళ్లు ఆ చెత్త తీయించి, మట్టి తోలించి, ఆరు స్తంభాలకి లైట్లు పెట్టారు. నెట్ మాత్రం పిల్లలే చందాలు వేసుకుని కొన్నారు, ఒక కొస స్తంభానికి, ఇంకో కొస వేపచెట్టుకి కట్టారు. లైట్లు వెలిగిన మొదటి రాత్రి పదకొండింటి దాకా వాలీబాల్ ఆడారు. నేను బండి కట్టేసి కూడా ఇంటికి పోకుండా చూస్తూ నిలబడ్డాను.

ఇంకో మంచి పని ఒక హెడ్ కానిస్టేబుల్ గారు చేశారు. రోజూ తొమ్మిదింటికి బండి మీద వచ్చి టీ తాగుతూ పిల్లలతో మాట్లాడేవారు, కర్ర ఎత్తడం ఎప్పుడూ చూడలేదు. ఎవడు కాలేజీ మానేశాడు, ఎవడి నాన్న ఇంటికి రావడం లేదు, అన్నీ ఆయనకి తెలుసు. ఒక రాత్రి పదిహేడేళ్ల కుర్రాడు చెయ్యి చొక్కాలో చుట్టుకుని నా బండి దగ్గరికి వచ్చాడు. చొక్కా విప్పితే మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా సన్నగా, గీత గీసినట్టు బ్లేడు గాటు. నూనె తుడుచుకునే గుడ్డ తప్ప నా దగ్గర ఏమీ లేదు, పైట చింపి కట్టాను. "పిన్నీ, అమ్మకి చెప్పమాక" అన్నాడు, నొప్పి కంటే దానికే ఎక్కువ భయపడుతున్నాడు. నేను అమ్మకి చెప్పలేదు, ఆ హెడ్ కానిస్టేబుల్ గారికి చెప్పాను. ఆయన కేసు రాసి ఊరుకోలేదు, కోసినవాడినీ వీడినీ కూర్చోబెట్టి మాట్లాడారు, వీడిని ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనికి పెట్టించారు. ఇప్పుడు వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి పునుగులు అడుగుతాడు. ఒకప్పుడు ఆ ఎరుపు చూసి ఇంకేదో అనుకునేదాన్ని.

ఆయనకి బదిలీ అయింది. తర్వాత వచ్చిన వాళ్లు వీధి చివర హారన్ కొట్టి వెళ్లిపోతున్నారు. ఇలాంటి పని ఒక మంచి మనిషి ఉన్నంత కాలమే జరిగితే ఎలా? రౌడీ షీట్ ఉన్నవాడికి ఆదివారం స్టేషన్లో కౌన్సెలింగ్ ఉంది, గొడవ చేయనని పూచీ రాయించుకునే బైండోవర్ ఉంది, మాట వినకపోతే నగర బహిష్కరణ కూడా ఉంది. షీట్ ఇంకా తెరవని, కాలేజీ మానేసి పని దొరక్క గ్యాంగుల్లోని అన్నల వెనక తిరిగే పదహారు, పదిహేడేళ్ల పిల్లాడి కోసం ఏముంది? వాడి ఇంటికి ఎవరు వెళ్తున్నారు? షీట్ పడ్డాక వాడికి పని ఇచ్చే షెడ్డు కూడా ఉండదు.

గంజాయి అమ్మేవాళ్లు కనిపిస్తే, మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల నంబర్ 1972కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. నేను రెండుసార్లు చేశాను, రెండోసారి మూడో రోజుకి మనుషులు వచ్చారు.

గ్రౌండ్‌లో ఆరు లైట్లలో రెండు ఆరిపోయి నాలుగు నెలలైంది. ఫిర్యాదు ఇచ్చాం, వార్డులో సంతకాలు పెట్టాం, కాంట్రాక్టర్ మారాడంటున్నారు. వేపచెట్టు వైపు మళ్లీ చీకటి, మొన్న మళ్లీ అక్కడ సిగరెట్ నిప్పు కనిపించింది. పిల్లలు నెట్‌ని ఇవతలి స్తంభాల మధ్యకి మార్చుకుని ఆడుతున్నారు. ఆ రెండు లైట్లు వేసి, రాత్రి తొమ్మిదింటికి ఆగి మాట్లాడే మనిషిని ఒకరిని మళ్లీ పంపిస్తే అదే రోజు వచ్చి ఈ 3ని 4 చేస్తాను.