గీడ్రా: చెరువుగట్టు మీటరు గుట్టు విప్పుతుందా?

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వనామీ రొయ్యల చెరువుల మీద రకరకాల డీఓ (కరిగిన ఆక్సిజన్) మీటర్లు కనిపిస్తాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తెల్లారుగట్ల బాగా పడిపోతుంది. ఏరియేటర్లు ఎప్పుడు వెయ్యాలో ఆ అంకె చూసే తేల్చుకోవాలి. చిక్కల్లా, కొన్ని మీటర్లతో ఇచ్చే సాఫ్ట్‌వేర్ విండోస్‌కి మాత్రమే పనిచేస్తుంది, సోర్స్ ఉండదు, ప్రోటోకాల్ (మీటరూ కంప్యూటరూ మాట్లాడుకునే పద్ధతి) కాగితం అడిగితే అమ్మినవాళ్ల దగ్గరా ఉండదు. షెడ్డులో లైనక్స్ వేసిన చిన్న కంప్యూటర్ పెట్టి అంకెలు తీసుకుందామంటే, ఆ ప్రోగ్రాం లోపల ఏముందో చూడక తప్పదు. సోర్స్ లేని ప్రోగ్రాంని విప్పి, మనం చదవగలిగే కోడుగా చూపించే రివర్స్ ఇంజనీరింగ్ సాధనం గీడ్రా సరిగ్గా ఇలాంటి పని కోసమే.

అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ దీన్ని తన అవసరాలకి రాసుకుని 2019 మార్చిలో బయటపెట్టింది. అపాచీ 2.0 లైసెన్సు, పైసా ఖర్చు లేదు. ఎన్‌ఎస్‌ఏ పేరు వినగానే కనుబొమలు ముడేసేవాళ్లు గిట్‌హబ్‌లో సోర్స్ చదువుకోవచ్చు. ఇన్‌స్టాల్ చెయ్యడానికి పెద్ద తతంగం లేదు. జిప్ విప్పి, 'గీడ్రారన్' స్క్రిప్టు నడపడమే. 11.2 వెర్షన్ నుంచి 64 బిట్ జేడీకే (జావా కిట్) 21 కావాలి, పాత జావాతో మొదలే కాదు. కొత్త వెర్షన్‌ని పాత ఫోల్డరు మీదే విప్పితే ఫైళ్లు కలగాపులగం అవుతాయి, వేరే ఫోల్డరు పెట్టాలి. ఎక్కువ రిజల్యూషన్ స్క్రీన్ మీద అక్షరాలు చీమల్లా కనబడితే సపోర్ట్ ఫోల్డరులోని లాంచ్ ప్రాపర్టీస్ ఫైల్లో లైనక్స్ యూఐస్కేల్ విలువ 1ని 2 చెయ్యాలి. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. 4 జీబీలో చిన్న ప్రోగ్రాములు లాక్కురావచ్చు గానీ బ్రౌజరు మూసేసి కూర్చోవాలి.

అయితే నేరుగా గీడ్రా తెరవడం తెలివైన పని కాదు. ముందు 'ఫైల్' కమాండ్‌తో మీటరుతో వచ్చిన ఈఎక్స్‌ఈ (విండోస్ ప్రోగ్రాం ఫైలు) ఏ జాతిదో చూడాలి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో రాసినదైతే గీడ్రా వద్దు, ఐఎల్‌స్పై అనే సాధనం దాదాపు అసలు సోర్సులాంటిదే చూపిస్తుంది. ప్రోగ్రాములని కుదించే యూపీఎక్స్‌తో కుదించి ఉంటే 'యూపీఎక్స్ మైనస్ డీ'తో విప్పాకే లోపలికి వెళ్లాలి. ఆ తర్వాత యూఎస్‌బీ రాకపోకలు చూపించే యూఎస్‌బీమాన్ మాడ్యూల్ ఎక్కించి, ప్రోగ్రాంని వైన్ (లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపేది) కింద నడిపి, ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్‌లో తీగ మీద ఏం పోతోందో పట్టాలి. సగం మీటర్ల సంగతి ఇక్కడే తేలిపోతుంది.

ఈ దశలో ఎక్కువమంది తగులుకునే ముల్లు ఒకటుంది. సీహెచ్340 చిప్పున్న చవక యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టరు పెడితే ఉబుంటు 22.04లో టీటీవైయూఎస్‌బీ0 పోర్టు వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది. ఆ చిప్పు ఐడీ 1ఏ86:7523ని చూసి బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని, అలాంటి డిస్‌ప్లేలు నడిపే బీఆర్‌ఎల్‌టీటీవై ప్యాకేజీ లాగేసుకుంటుంది. బ్రెయిలీ డిస్‌ప్లే వాడనివాళ్లు ఆ ప్యాకేజీ తీసేస్తే సరి. యూజరుని పోర్టు వాడే అనుమతినిచ్చే డయల్‌అవుట్ గ్రూపులో చేర్చడం కూడా మరవకూడదు.

తీగ మీద 01 03 00 00 00 02 సీ4 0బీ కనబడిందనుకోండి, అది మోడ్‌బస్ అనే ప్రోటోకాల్: ఒకటో నంబరు మీటరుని సున్నా నుంచి రెండు రిజిస్టర్లు (అంకెలుండే గదులు) అడుగుతోంది, చివరి రెండు బైట్లు సీఆర్‌సీ, అంటే దారిలో తప్పు జరిగితే పట్టే లెక్క. జవాబులో డేటా 40 ఏ0 00 00 అయితే అది ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) 5.0. కొన్ని మీటర్లు రెండు సగాలనీ తారుమారు చేసి 00 00 40 ఏ0 పంపుతాయి. మార్చకుండా చదివితే సున్నాకి అటూ ఇటూగా ఏదో చెత్త అంకె వస్తుంది. ఇంకొన్ని 5.00ని 500గా, అంటే 01 ఎఫ్4గా పంపుతాయి. ఏది నిజమో బైట్లు చూసి ఊహించడం కన్నా ప్రోగ్రాంనే అడగడం మేలు. గీడ్రా తన కూలి సంపాదించుకునేది ఇక్కడే.

ఫైలు లోపలికి తెచ్చి ఆటో అనాలిసిస్ అయ్యాక ఎంట్రీ (ప్రోగ్రాం మొదలయ్యే చోటు) నుంచి చదవడం మొదలెడితే వారమైనా తెమలదు. సింబల్ ట్రీలో ఇంపోర్ట్స్ కింద విండోస్ లైబ్రరీ కెర్నల్32, అందులో డేటా బయటికి పంపే రైట్‌ఫైల్ మీద కుడి క్లిక్ చేసి రిఫరెన్సులు అడగాలి. దాన్ని పిలిచే ఫంక్షను బఫరు నింపే చోటికి తీసుకెళ్తుంది, ఆ పక్కనే సీఆర్‌సీ ఉంటుంది. స్కేలార్ (స్థిర సంఖ్యల) వెతుకులాటలో, ఈ సీఆర్‌సీ లెక్కలో వాడే ఏ001 దొరికితే బిట్టు బిట్టుగా లెక్కేసే రకం. దొరక్కపోతే మెమరీలో 00 సీ1 81 40 01 సీ0 80 41 వరస వెతకాలి, అది పట్టిక రకం. అలాగే డేటా లోపలికి చదివే రీడ్‌ఫైల్ నుంచి వెనక్కి వస్తే జవాబు విడదీసే ఫంక్షను దొరుకుతుంది. చివర్లో ఏదో డీఏటీ (పేరులేని డేటాకి గీడ్రా పెట్టే పేరు) చిరునామాతో భాగిస్తుంటే దాని రకం డబుల్‌గా (పెద్ద దశాంశ సంఖ్యగా) మార్చండి. 100.0 అని తేలితే 500 కథ అక్కడికి ముగిసినట్టే. దొరికినదానికల్లా ఎల్ నొక్కి పేరు పెట్టుకుంటూ పోవాలి. ఓ ఇరవై పేర్లు పడ్డాక డీకంపైలరు (మెషీన్ కోడుని సీ భాషలాంటి కోడుగా చూపించేది) కిటికీ నిజంగా చదవబుద్ధేస్తుంది.

లోపాలూ తక్కువేం కావు. అన్నిట్లోకీ చిరాకు పెట్టేది, మామూలు ఫంక్షనుని 'తిరిగి రానిది' అని తప్పుగా తేల్చేసి ఆ తర్వాతి కోడంతా మింగేయడం. ఫంక్షను మధ్యలో తెగినట్టుంటే అది పిలిచిన చివరి ఫంక్షను ఎడిట్ చేసి 'నో రిటర్న్' టిక్కు తీసెయ్యాలి. డెల్ఫీ, సీప్లస్‌ప్లస్ వర్చువల్ పిలుపుల దగ్గర ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో చెప్పదు, స్ట్రక్చర్లు చేత్తో కట్టుకోవాల్సిందే. మెనూలు మాత్రం కొత్తవాళ్లని కంగారుపెట్టడానికే పెట్టినట్టుంటాయి.

ఇదే పని చేసే ఐడా ప్రో ఇంతకన్నా చురుకే, కానీ దాని ధర మన ఊరి సర్వీసు షాపులు మోయలేవు. బరువు తక్కువది కావాలంటే కట్టర్ ఉంది, అందులోనూ గీడ్రా డీకంపైలరే వాడుకోవచ్చు.

చట్టం మాటకొస్తే, మన దేశ కాపీరైట్ చట్టం 52(1)(ఏబీ) ప్రకారం, ప్రోగ్రాంని న్యాయంగా పొందినవాళ్లు, వేరుగా రాసిన ప్రోగ్రాంతో అది కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మామూలుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకోవచ్చు. లైసెన్సు తాళం తీసి నలుగురికీ పంచడం ఇందులోకి రాదు.

ఏరియేటర్లని వాటంతటవే ఆన్, ఆఫ్ చేసే రిలేలు (స్విచ్చులు) కలిపేవాళ్లకి రెండు జాగ్రత్తలు. ప్రోగ్రాంలో 6, 16 ఫంక్షన్ కోడ్‌లతో వెళ్లే ప్యాకెట్లు మీటరులో విలువలు రాసేవి. వాటిని 'ఏమవుతుందో చూద్దాం' అని పంపితే క్యాలిబ్రేషన్ చెడిపోవచ్చు. ఇక జవాబు రాకపోయినా, సీఆర్‌సీ తప్పినా, పాత అంకెనే పట్టుకుని కూర్చోకుండా ఏరియేటర్లు ఆన్ అయ్యేలా రాయాలి. ఒక రాత్రి కరెంటు ఎక్కువ కాలితే బిల్లు కట్టుకోవచ్చు, ఆక్సిజన్ అందని రొయ్యని మాత్రం వెనక్కి తేలేం.