జైసల్మేర్ ఎడారి: సమ్‌లో ఒక రాత్రి, ఖూరీ దగ్గర మరొక రాత్రి

గత డిసెంబరులో ఐదుగురు మిత్రులం తిరుపతి నుంచి కారులో చెన్నైకి, అక్కడి నుంచి విమానంలో ఢిల్లీకి వెళ్లి, సాయంత్రపు రైలెక్కి మర్నాడు పగటికి జైసల్మేర్ చేరుకున్నాము. దారి గురించి చెప్పుకోదగినది ఒక్కటే. జోధ్‌పూర్ దాటిన తర్వాత మూసిన కిటికీల సందుల్లోంచి కూడా సన్నని దుమ్ము వచ్చి మా పులిహోర పొట్లాల మీద పేరుకున్నది కాబట్టి, తినుబండారాలను గట్టి మూత ఉన్న డబ్బాలలో తీసుకువెళ్లడం మంచిది.

ఊరిలో బస విషయంలో మా మధ్య కొంత వాదన జరిగింది. 1156లో రావల్ జైసల్ పునాది వేసిన ఆ పసుపురాతి కోటలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. చంద్రగిరి కోటను టికెట్టు కొని చూసి వచ్చే మాకు, కోటగోడ మీద ఎవరిదో దుప్పటి ఆరుతూ ఉండటమే వింతగా తోచింది. లోపల హోటళ్లు కూడా ఉన్నాయి. అయితే వాడుక నీరు పునాదులలోకి ఇంకి కట్టడం దెబ్బతింటున్నదని తెలిసిన తర్వాత, కోట బయట ఒక చిన్న హోటలులో దిగాము. గది ఇరుకే అయినా శుభ్రంగా ఉన్నది, వేడినీళ్లకు లోటు లేదు. పైగా మేడమీద కూర్చుంటే కోట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, లోపల దిగినవారికి ఆ సౌకర్యం ఉండదు గదా.

మా పొరపాటు సమ్ దగ్గర జరిగింది. జైసల్మేర్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఇసుక దిబ్బల చుట్టూ గుడారాల విడుదులు వరుసగా ఉన్నాయి. తిరుపతి స్టేషను బయట గది, జీపు, దర్శనం అంటూ చుట్టుముట్టేవారిని రోజూ తప్పించుకుని తిరిగే మేము, ఫోనులో పంపిన నాలుగు ఫొటోలు చూసి ఒక విడిదికి ముందుగానే పూర్తి సొమ్ము కట్టేశాము. 'ఒంటె సఫారీ' అని వారు రాసినది తీరా చూస్తే ఇరవై నిమిషాల సవారీ. ఒంటెలు బారులు తీరి దిబ్బ పైకి వెళ్లి, ఫొటో దిగగానే వెనక్కి తిరుగుతాయి. పక్కనే జీపులు ఇసుకను రేపుతూ పైకీ కిందికీ దూకుతుంటాయి. గుడారం అద్దెలో సగం పరుపుకూ అద్దానికీ కట్టినట్టే అనిపించింది. ఉదయం ఐదుగురికి కలిపి రెండు బకెట్ల వేడినీళ్లు వచ్చాయి.

అయినా ఆ రాత్రిని పూర్తిగా తీసివేయలేను. భోజనానికి ముందు తరతరాలుగా పాటే వృత్తిగా ఉన్న మాంగణియార్ గాయకులు ముగ్గురు కమాయిచా అనే కమాను వాద్యం, ఢోలక్, ఖడ్తాల్‌లతో గంటసేపు పాడారు. ఖడ్తాల్ అంటే చేతికి రెండేసి చెక్కపలకలు, అంతే. వాటిని వేళ్ల మధ్య ఆడించి ఆ పెద్దాయన పలికించిన లయకు మాలో మృదంగం నేర్చుకున్న మిత్రుడు అన్నం మరచి కూర్చున్నాడు. ఆ తర్వాత స్పీకర్లు పెట్టి సినిమా పాటలు మొదలుపెట్టారు, అవి అర్ధరాత్రి దాటినా ఆగలేదు.

మర్నాడు జైసల్మేర్‌కు తిరిగి వచ్చి, హోటలు యజమాని మాట మీద నైరుతి దిక్కున ఉన్న ఖూరీ గ్రామం వైపు వెళ్లాము. ఒక రాత్రి, రెండు పూటల ఒంటె ప్రయాణం, భోజనం కలిపి తలకు 2,500 రూపాయలు అడిగారు. గుడారం లేదు, మంచాలు మాత్రమే. ఐదు ఒంటెలు, ఇద్దరు మనుషులు. సగం సొమ్ము ముందు, సగం తిరిగి వచ్చిన తర్వాత. ఈ పద్ధతిని సమ్‌లోనే పట్టుబట్టి ఉండవలసింది.

ఒంటె ముందుగా వెనుక కాళ్లను లేపుతుంది. ఆ క్షణంలో మనిషి ముందుకు తూలి దాని మెడ మీద పడబోతాడు. కూర్చునేటప్పుడు ముందు మోకాళ్లు వంచుతుంది కాబట్టి అప్పుడూ అంతే. రెండుసార్లూ వెనక్కి వాలి జీను కొయ్యను పట్టుకోవాలి. నడకలో ఒక వైపు కాళ్లు రెండూ కలిసి కదులుతాయి, అందువల్ల నడుము అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. రికాబులు లేని జీను మీద గంటన్నరకు తొడలు ఒరుసుకుపోయాయి. నెలకొకసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లే మా మిత్రుడే అందరికంటే ముందు దిగిపోయి, ముకుతాడు పట్టుకుని ఒంటె పక్కన నడిచాడు. రోజుకు ఒంటె సవారీ రెండు గంటలు దాటనివ్వకపోవడమే మేలు.

థార్ అంతా ఇసుక దిబ్బలే అనుకుని వెళ్లేవారు ముందే తెలుసుకోవాలి. మేము నడిచినది చాలావరకు గట్టినేల, జిల్లేడు పొదలు, అక్కడక్కడ చెట్లు. ఆ చెట్లలో ఒకదాన్ని చూపి మా ఒంటెల పెద్దాయన "ఖేజ్డీ" అన్నాడు. ఆకు దగ్గరగా చూస్తే జమ్మి. దసరాకు మనం పూజించే ఆ చెట్టే అక్కడ రాష్ట్ర వృక్షం. దాని ఆకు ఒంటెకు, మేకకు మేత. దాని లేత కాయలను ఎండబెట్టినదే సాంగ్రీ. ఆ రాత్రి నెగడు మీద కాల్చిన సజ్జ రొట్టెలతో పెట్టిన కూర కూడా అదే. గిన్నెలను నీళ్లతో కాకుండా ఇసుకతో తోమి, గుడ్డతో దులిపారు. మా అమ్మమ్మ స్వర్ణముఖి ఇసుకతో ఇత్తడి బిందెలు తోమడం గుర్తుకు వచ్చి నాకు ఏ సంకోచమూ కలగలేదు, మిగిలినవారు మాత్రం టార్చి వేసి కంచాలు పరీక్షించుకున్నారు.

చలి చాలా ఎక్కువ. రెండు రజాయిలు ఇచ్చినా ఉన్ని టోపీ లేకపోతే నిద్ర పట్టదు. తెల్లవారి లేచేసరికి మంచాల చుట్టూ ఇసుక మీద ఏదో పురుగు నడిచిన జాడ, కుట్టుమిషను మీద వేసిన కుట్టులాగా, నా చెప్పు దాకా వచ్చి అక్కడినుంచి పక్కకు తిరిగి వెళ్లింది.

పెద్దాయన కొడుకు ఒంటెలు వదిలి జీపు నడుపుతున్నాడట. "బాబా, మరి వీటిని తర్వాత ఎవరు చూస్తారు?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు రెండున్నర లక్షల ఒంటెలు. రాజస్థాన్ 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. తిరిగి వచ్చిన తర్వాత మిగిలిన సొమ్ముతో పాటు కొంత బహుమానం నేరుగా ఆయన చేతికే ఇచ్చాము. మధ్యవర్తికి ఇస్తే చేరుతుందన్న నమ్మకం మాకు కలగలేదు.

బజారులో పావుకిలో సాంగ్రీ కొని తెచ్చాను. అమ్మ దానిని ఎండిన గోరుచిక్కుడు అనుకుని రాత్రంతా నానబెట్టి, పెరుగు కలిపి వండింది. రాగి సంగటిలోకి బాగానే ఉందన్నది. జమ్మి కాయలని చెప్పిన తర్వాత గరిటె పక్కన పెట్టి, "పూజ చేసే చెట్టు కాయలతో కూర చేయించావా నాతో!" అని కోప్పడింది. అయినా మిగిలిన కూరను రాత్రికి మూత పెట్టి దాచింది.