విశాఖ ఉప్పుగాలిలో తల్వారు, గొలుసు కవచం: చాలాకాలం వాడాక

సమీక్ష రెండు వస్తువుల మీద. ఒకటి డెహ్రాడూన్‌లో తయారైన, పదును పెట్టని తల్వారు, అంటే మన దేశపు వంపు కత్తి. రెండోది రివెట్లు కొట్టిన రింగుల గొలుసు కవచం. రెండూ ఎంవీపీ కాలనీలో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో ఉంటున్నాయి. పాత ఆయుధాల గురించి మనవాళ్లు చెప్పుకునే మాటల్లో ఏది నిజమో తేల్చుకోవాలంటే, కొలతలు సరిగ్గా ఉన్న నకలును చేతికి తీసుకోవడమే మంచి మార్గం. బీచ్ రోడ్డు మ్యూజియంలో అద్దాల వెనక ఎంతసేపు చూసినా కత్తి బరువు తెలియదు కదా.

ముందు బరువు సంగతి. ఈ తల్వారు 1.1 కిలోలు, అలుగు (పిడి కాక మిగతా కత్తి రేకు) పొడవు 76 సెం.మీ. అసలైన పాత తల్వార్లూ కిలోకు కాస్త అటూ ఇటూగానే ఉండేవి. రెండు చేతులతో పట్టే ఐరోపా పొడవు కత్తులు కూడా ఎక్కువగా 1.2 నుంచి 1.6 కిలోల లోపే. పాత కత్తులు ఐదు కిలోలు ఉండేవనే మాట పుట్టడానికి గోడకు తగిలించే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. వాటి అలుగు మొదలు నుంచి కొసదాకా ఒకే మందం. సరిగ్గా చేసిన కత్తిలో పిడి దగ్గర ఐదారు మి.మీ. ఉన్న మందం కొసకు వచ్చేసరికి రెండు మూడుకు తగ్గుతుంది. బరువు చేతి వైపు నిలుస్తుంది కాబట్టి ఝళిపించినా మణికట్టు గుంజదు. స్టెయిన్‌లెస్ కత్తిని ఝళిపించనే వద్దు. చాలావాటికి పిడి లోపల ఉండేది అతికించిన సన్నని బోల్టు మాత్రమే. అది అతుకు దగ్గర విరిగితే అలుగు ఎదుటివాళ్ల మీదికి ఎగురుతుంది. ఈ తల్వారుది ఈఎన్45, అంటే లారీ కమాను కట్టలకు వాడే జాతి ఉక్కు. కాస్త వంచి వదిలితే తిరిగి తిన్నగా అవుతుంది.

తల్వారు పిడి ఇరుకుగా ఉంటుంది కాబట్టి మన పూర్వీకుల చేతులు చిన్నవని అంటారు. ఇది నిజం కాదు. పిడి చివరి పళ్లెం అరచేతి మడమను ఆనించి పట్టును బిగిస్తుంది. మణికట్టుతో ఆడించాలని చూస్తే పళ్లెం అంచు చర్మాన్ని ఒరుస్తుంది, చాలామంది ఇక్కడే పిడి చిన్నదని తేల్చేస్తారు. దెబ్బ భుజం నుంచీ మోచేతి నుంచీ రావాలి, తగిలాక కత్తిని తన వైపు లాగాలి. ఆ కోతకు ఇంతకంటే మంచి పిడి నాకు తెలియదు.

పాత తల్వార్లలో అలుగు కాడను పిడిలో లక్కతో బిగించేవారు. ఇప్పుడు చాలామంది వాడేది ఎపాక్సీ జిగురు. ఎండలో నిలిపిన కారులో వదిలితే రెండూ మెత్తబడతాయి. పిడి పట్టుకుని రెండో చేతి పిడికిలితో అలుగు వీపు మీద తట్టి చూడండి. టకటకమంటే వదులైనట్టే, మళ్లీ బిగించేదాకా పక్కన పెట్టాలి.

అలుగు మీది గాడి రక్తం కారడానికని చెబుతారు. అది పెద్దగా గట్టిదనం తగ్గకుండా బరువు తగ్గించడానికి. విశాఖలో మాత్రం తుప్పు మొదలయ్యేది ఆ గాడిలోనే, ఎందుకంటే గుడ్డ అక్కడిదాకా అందదు. వెదురు పుల్లకు దూది చుట్టి తుడవాలి.

నూనె ఒక్కటే రాస్తే చాలదు, ఇక్కడ అందరూ దెబ్బతినేది ఇందులోనే. అలుగు మీద చేరిన ఉప్పు గాల్లో తేమను లాగుతుంది. దాని మీద నూనె పూస్తే ఉప్పు ఆ నూనె కింద చిక్కుకుని లోపలే పని చేస్తుంది. ముందు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక కుట్టుమిషను నూనె నాలుగైదు చుక్కలు దూదితో పూసి, పొడిగుడ్డతో మళ్లీ పల్చగా తుడవాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి, చలికాలంలో రెండు వారాలకోసారి చాలు. కొబ్బరినూనె జిగురుకట్టి కంపు కొడుతుంది. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి కత్తిని అందులో దాచకూడదు. ఎర్ర చుక్కలు కనిపిస్తే 600 నంబరు ఎమరీ కాగితం నూనెలో ముంచి, పొడవు వెంట మాత్రమే రుద్దాలి. గుంటపడి నల్లబడినచోట అరగదీయకండి, అలుగు పలచబడుతుంది.

గొలుసు కవచం 9 కిలోలు. మొదట భుజాలు లాగేస్తాయి. చేతులు పైకెత్తి, నడుము దగ్గర బెల్టు బిగించి, బెల్టు పైనుంచి కవచాన్ని కాస్త పైకి లాగి వదిలితే సగం బరువు నడుముకు దిగుతుంది. ఆ తర్వాత మెట్లెక్కడం, వంగడం ఇబ్బందే కాదు. నిలువెల్లా తొడిగే ఐరోపా రేకు కవచం కూడా 20 నుంచి 25 కిలోలే, అదీ ఒళ్లంతా పంచుకున్న బరువు. గుర్రమెక్కడానికి క్రేను కావాలన్నది కట్టుకథ.

రింగుల కొసలు ఊరికే కలిపి వదిలేసిన కవచం చవక, కానీ గట్టిగా లాగితే విచ్చుకుంటాయి. రివెట్లు ఉన్నదే కొనండి. అది కోతను ఆపుతుంది, దెబ్బ అదురును ఆపదు. ఎముక విరగకుండా కాపాడేది లోపల తొడిగే మందపాటి బొంత అంగీ. మే నెలలో దాన్ని ఇరవై నిమిషాలకు మించి భరించలేం. చెమట ఉప్పు వల్ల చంకల్లోనూ మెడ చుట్టూ రింగులు ముందు తుప్పు పడతాయి. కాబట్టి విప్పగానే ఫ్యాను కింద పరచాలి. తుప్పు వదిలించడానికి పాతకాలపు పద్ధతే పనిచేస్తుంది: మూత గట్టిగా పట్టే డ్రమ్ములో పొడి ఇసుకతో కలిపి అరగంట దొర్లించడం. ఇసుక ఏటిదే కావాలి. ఆర్కే బీచ్ ఇసుక వేస్తే కవచానికి మళ్లీ ఉప్పు పట్టించినట్టే.