ఇరుక్కున్న డబ్బు తిరిగొచ్చే తీరుకే నా మార్కులు

డిగ్రీకని బరంపురం హాస్టల్‌కి వచ్చినప్పటి నుంచి నా ఖర్చంతా యూపీఐ మీదే నడుస్తోంది, పర్లాకిమిడి నుంచి నాన్న పంపే నెల డబ్బులతో సహా. క్యాష్‌బ్యాకులు, స్క్రాచ్ కార్డులు చూసే కాలేజీ పిల్లలు దీనికి ఎగబడుతున్నారని పెద్దవాళ్లు అంటుంటారు గానీ నాకైతే ఆ ముచ్చట మొదట్లోనే తీరిపోయింది. డబ్బు మధ్యలో ఇరుక్కుంటే ఏమవుతుందన్నదే అసలు సంగతి, ఆ విషయంలో నాకింకా కోపం పోలేదు.

సెమిస్టర్ పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. ఖాతాలోంచి కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, కాలేజీ పోర్టల్‌లో మాత్రం ‘పెండింగ్’. ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా అదే. మిగిలింది మెస్ బిల్లుకి కూడా చాలదు, ఒకటే టెన్షన్, చివరికి రూమ్మేట్ తన ఫోన్లోంచి మళ్లీ కడితేనే ఫారం పడింది. మర్నాడు బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఆయన నా ఫోన్ వైపైనా చూడకుండా “వచ్చేస్తుంది బాబూ, ఆగు” అన్నాడు. ఎన్నాళ్లు ఆగాలో చెప్పలేదు. దానికో లెక్కుంది. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం ఇలా కట్టింది అవతలివాళ్లకి చేరినట్టు తేలకపోతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం, అదీ మనం అడక్కుండానే. నాకు కట్టిన డబ్బే గడువు దాటాక వచ్చింది, పరిహారం ఊసే లేదు. యాప్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ చెల్లింపుని గుర్తుపట్టే 12 అంకెల యూటీఆర్ నంబరుతో బ్రాంచిలో కాగితం రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాక గానీ ఆ పరిహారం పడలేదు. మొత్తం చిన్నదే, ఆ వారం అప్పు చేసి తిన్నవాడికి మాత్రం కాదు.

జేబులో నోటు అక్కర్లేదని జూనియర్లకి ఇదివరకు నేనే చెప్పేవాణ్ణి, ఇప్పుడు చెప్పట్లేదు. చిన్న ఖర్చులకని యాప్‌లోనే ముందుగా కొంత వేసిపెట్టుకునే యూపీఐ లైట్ అంటే ఇప్పటికీ ఇష్టమే, టీకీ టిఫిన్‌కీ ఆటోకీ టక్కున అయిపోతుంది, నా బ్యాంకు సర్వర్ మొరాయించినా చాలావరకు ఆగదు. అందులో 5000 దాకా పెట్టుకోవచ్చు గానీ పిన్ అడగదు కాబట్టి నేను 500 దాటనివ్వను.

ఇక్కడ సిగ్నల్ బాగానే ఉంటుంది, బ్రాంచి నడిచి వెళ్లేంత దూరం, కాబట్టి నాకు సరిపోతోంది. గజపతి జిల్లా కొండల వైపు నుంచి వచ్చే మా క్లాసువాళ్లు కొందరు ఫీజు నోట్లుగా తెచ్చి ఇక్కడి నెట్ సెంటర్లో కట్టించుకుంటారు, వాళ్ల ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి మరి, వాళ్ల చోట ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో.