కాలెట్ అడాప్టరా, ప్రాప్ సేవరా?

చిన్న ఎలక్ట్రిక్ మోడల్ విమానానికి ప్రొపెల్లర్ బిగించే రెండు దారులివి. కాలెట్ అంటే నట్ బిగిస్తే మోటారు షాఫ్ట్‌ను (తిరిగే కడ్డీని) నొక్కి పట్టే చీలికల గొట్టం. ప్రాప్ సేవర్ అంటే ప్రొపెల్లర్‌ను రబ్బరు రింగుతో పట్టి ఉంచే చిన్న బిగింపు ముక్క. ఏదైనా సరే, బ్యాటరీ తీసేశాకే చెయ్యి పెట్టండి.

ఖర్చు: రెండూ చవకే. సేవర్ రబ్బరు రింగు మాత్రం ఎండకు పగులుతుంది, వెంటనే మార్చాలి.

బిగింపు: సేవర్‌ను రెండు చిన్న స్క్రూలతో షాఫ్ట్‌కు పట్టించి రింగు తగిలిస్తే చాలు. కాలెట్‌కు ఓపిక కావాలి. 3.17 మి.మీ. షాఫ్ట్‌కు 3 మి.మీ. కాలెట్ ఎక్కదు, 4 మి.మీ.ది పట్టదు. షాఫ్ట్‌పై నూనె ఉంటే కాలెట్ జారి ప్రొపెల్లర్ ఎగిరిపోతుంది, తుడవండి. ముందు స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యను కప్పే శంకువు టోపీ) వెనక పలక, తర్వాత అక్షరాలు ముందుకు కనిపించేలా ప్రొపెల్లర్, ఆపై వాషర్, నట్. బ్లేడు బయటికొచ్చే స్పిన్నర్ గాడి అంచు బ్లేడును తాకకూడదు. తాకినచోటే బ్లేడు చీలుతుంది.

ప్రమాదం: ముక్కు నేలకు తగిలితే సేవర్ రింగు సాగి ప్రొపెల్లర్ తప్పుకుంటుంది, కాలెట్‌తో షాఫ్టే వంగొచ్చు.

చక్రాల్లేని తేలిక విమానానికి, కొత్తగా నేర్చుకునేవారికి సేవర్. వేగమూ స్పిన్నరూ కావాలంటే కాలెటే.